ఎంగిలి చేయని ఎముకలు

ముప్పై నాలుగేళ్ళు వచ్చేదాకా ఒక్క ఎముకనూ చేత్తో ముట్టుకోలేదని చెబితే మా విద్యార్థులు నమ్మరు. జువాలజీ చెప్పే మనిషిని మరి. తాడేపల్లిగూడెంలో నేను పనిచేసే కాలేజీ ల్యాబ్‌లో అస్థిపంజరం ఉన్న మాట నిజమే. దాన్ని కర్రతో చూపిస్తూ పాఠం చెప్పేదాన్ని. కర్రకూ ఎముకకూ మధ్య జానెడు దూరం ఉండేలా చూసుకునేదాన్ని. ఏలూరులో మా నాన్నగారిది పౌరోహిత్యం. కోడిగుడ్డు అన్న మాట కూడా మా అమ్మ నోటితో అనదు, 'అది' అంటుంది. అలాంటి ఇంట్లోంచి వెళ్ళి ఎముకల మీద పీహెచ్‌డీకి చేరడమేమిటని చుట్టాలందరూ అడిగారు. చేరిన నా దగ్గరే సరైన జవాబు లేదు. నన్ను తీసుకుంటానన్న గైడు గారు ఎముకల మనిషి, అంతే.

ఆయన దగ్గర రాయలసీమలో ఏదో గుహలో తవ్వి తీసిన ఎముకలున్నాయి. జింకలవి, దుప్పులవి, మనుబోతులవి. వేల ఏళ్ళ నాటివి. వాటిని గుహలోకి ఎవరు తెచ్చారన్నదే ప్రశ్న. ఆనాటి మనుషులు వేటాడి తెచ్చుకుని తిన్నారా, లేక చిరుతపులో దుమ్ములగొండో ఈడ్చుకొచ్చి తిన్నదా? మనిషి తింటే రాతికత్తి గీతలుంటాయి, లోపలి మూలుగ కోసం పగలగొట్టిన దెబ్బ ఉంటుంది. జంతువు తింటే పంటి గుంటలుంటాయి, చివర్లు నమిలేసి పీచులా ఉంటాయి. గైడు గారు ఫోన్‌లో ఈ సంగతి చెప్పినప్పుడు, ఈమాత్రం దానికి పీహెచ్‌డీ ఎందుకిస్తారా అనిపించింది. నా గర్వం అప్పటికి అంత లేతగా ఉంది.

ఎముకలు రెండు అట్టపెట్టెల్లో ఏలూరు వచ్చాయి. అవి గడప దాటడానికి వీల్లేదంది మా అమ్మ. వేల ఏళ్ళయింది, మైల ఎప్పుడో పోయి ఉంటుందని నేను వాదించాను. మైలకి ఏళ్ళు లెక్కేమిటని ఆవిడ. చివరికి నాన్నగారు మధ్యవర్తిత్వం చేసి, స్కూటర్ షెడ్డులో బల్ల వేసుకోమన్నారు. పని అయ్యాక నేను దొడ్డిదారిన వెళ్ళి స్నానం చేసి లోపలికి రావాలి. ఒక్కోసారి ఒకే సాయంత్రం మూడు స్నానాలయ్యేవి, ఎందుకంటే నోట్‌బుక్ షెడ్డులో మరిచిపోయి వచ్చేదాన్ని.

కత్తి గీత ఎలా ఉంటుందో నేను మొదట నేర్చుకున్నది మా అమ్మ కత్తిపీట దగ్గరే. కందగడ్డ తరుగుతుంటే పక్కన కూచుని, భూతద్దంతో ముక్కల్ని చూసేదాన్ని. గీత సన్నగా, నిటారుగా, అడుగున కోసుగా ఉండేది. బాగుందే అనుకున్నాను. పంటి గుర్తు సంగతి కందగడ్డ చెప్పలేదు కదా. అందుకే గైడు గారు, ఎవరు తిన్నారో ముందే తెలిసిన కొత్త ఎముకలు సంపాదించమన్నారు. మనిషి తిన్నవి కొన్ని, కుక్క తిన్నవి కొన్ని. వాటి పక్కన గుహ ఎముకలు పెట్టి పోల్చాలి. చదువులో ఇంతకంటే సూటి పద్ధతి ఉండదు. చిక్కల్లా ఒకటే, వేటమాంసం, అంటే మేకా పొట్టేలూ, వండుకునే ఇల్లు నాకు ఒక్కటీ దగ్గరగా తెలియదు.

మా ల్యాబ్ అటెండరు దారి చూపించాడు. అతని అక్కా బావా పెదపాడు దాటాక చేపల చెరువు గట్టు మీద పాకలో ఉంటారు. బావ ఆ చెరువుకి కాపలా. ఎనిమిదేళ్ళుగా అక్కడే కాపురం. ఇద్దరు ఆడపిల్లలు పెదపాడు స్కూల్లో చదువుతున్నారు. వాళ్ళకి ఇంకెక్కడా ఇల్లన్నది లేదు. ఆదివారం వేటమాంసం తెచ్చుకుంటారు, కుక్క కూడా ఉంది, మీకు రెండు రకాలూ దొరుకుతాయండీ అన్నాడు. నేను రెండు ప్లాస్టిక్ డబ్బాలు కొని స్కూటర్ మీద పెట్టుకుని వెళ్ళాను.

ఆ కాపలా మనిషి నాకంటే పదేళ్ళు పెద్ద. బక్కపలచటి మనిషి, మాట తక్కువ. భార్య మాత్రం కలివిడిగా ఉంటుంది. మంచం మీద తుండుగుడ్డ పరిచి కూర్చోబెట్టింది. నీలం మూత డబ్బాలో మీ ఇంట్లోవాళ్ళు తిన్న ఎముకలు, ఎర్ర మూత డబ్బాలో కుక్కకి వేసినవి, రెండూ కలవకూడదని నేను పాఠం చెప్పినట్టు చెప్పాను. ఆయ్, ఆయ్ అంటూ విందావిడ. అంతా అయ్యాక ఒక్క ప్రశ్న అడిగింది, ఇవి నా చేత్తో నేనే పట్టుకుంటానా అని. పట్టుకోవాలి కదండీ మరి, అన్నాను. మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నా మీద జాలి అనుకున్నాను.

కుక్క పాక ముందు పడుకుని ఉంది. గోధుమరంగుది, ఒక చెవి మడతపడి ఉండేది. దానికి పేరు పెట్టలేదు. 'ఒరేయ్' అంటే వచ్చేది. పిల్లగా ఉన్నప్పుడు కాలువలో కొట్టుకొస్తుంటే అతనే దిగి తీశాడట. మేత లారీ గానీ చేపల వేన్ గానీ వస్తే ముందు అదే ఎదురెళ్ళేది.

రెండు వారాలకోసారి వెళ్ళి డబ్బాలు తెచ్చుకునేదాన్ని. ఎర్ర డబ్బాలోవి చూస్తే ఒళ్ళు జలదరించేది. చివర్లు నమిలేసి, గుంటలు పడి, పీచులు లేచి ఉండేవి. నీలం డబ్బాలోవి ముచ్చటగా ఉండేవి. ఉడికించి, ఎండబెట్టి, పసుపు పచ్చగా, మీద సన్నటి కత్తి గీతలతో. ఒక్కదాని మీద కూడా పంటి గుర్తు లేదు. మనిషన్నవాడు ఎంత నాజూగ్గా తింటాడో అని నాకు ఆశ్చర్యంగా కూడా ఉండేది. నాలుగు నెలలు చూశాక ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి షెడ్డు గోడకి అంటించాను. మనిషికి కత్తి, జంతువుకి పన్ను. గుహ ఎముకల మీద పంటి గుర్తులే ఎక్కువ కాబట్టి, వాటిని తిన్నది జంతువులేనని ఒక అధ్యాయం రాసి గైడు గారికి పంపేశాను.

ఇలా ఉండగా గట్టు మీద పొట్టేలు మాయమైంది.

అది మామూలు పొట్టేలు కాదు, అమ్మవారికి మొక్కుకున్నది. చెరువు ఆసామిగారిది. ఏడాదిగా మెడలో పసుపు తాడుతో గట్టు మీద తిరుగుతోంది. దాన్ని ఎవరూ కొట్టకూడదు, అదిలించకూడదు. వచ్చే జాతరలో ఇవ్వాలి. చెరువులో వలలు దింపి చేపల పట్టుబడి జరిగిన మర్నాడు చూస్తే లేదు. నాలుగు రోజుల తర్వాత పాకకి కాస్త అవతల జమ్ముగడ్డి పొదల్లో కొన్ని ఎముకలు దొరికాయి. ఆరేడు పక్కటెముకలు, ఒక కాలి ఎముక. మెడ తాడు కూడా అక్కడే ఉంది కాబట్టి అది ఆ పొట్టేలే.

ఆసామిగారు ఏలూరులోనే ఉంటారు. మా నాన్నగారిని ఎరుగుదురు. చాలా మెత్తగా మాట్లాడతారు, ఎంత మెత్తగా అంటే వినేవాళ్ళకి భయమేస్తుంది. నేను ఎముకలు చదువుతున్నానని తెలిసి మా ఇంటికొచ్చారు. మనిషి తిన్నాడా జంతువు తిందా, అంతవరకు చెబితే చాలన్నారు. మనిషైతే పాకలో ఉండేవాడే అయి ఉండాలి, గట్టు మీద కాపురముండేది వాళ్ళొక్కళ్ళే కదా అని ఆయన లెక్క. దేవుడి జీవాన్ని తిన్నవాణ్ణి ఒక్కరోజు కూడా ఉంచుకోనన్నారు. జంతువైతే మనం చేసేదేముందండీ, ఇంకో పొట్టేలుని తెస్తాం, అన్నారు.

నాకు భయమేసింది. దాంతోపాటు ఒంట్లో చిన్న పొంగు కూడా వచ్చింది, అబద్ధమెందుకు. ఇన్నాళ్ళకి నా చదువుకి ఒక మనిషి అవసరం పడింది. ఆయన వెంట గట్టుకి వెళితే కాపలా అతనూ ఆవిడా చేతులు కట్టుకుని నిలబడి నా వంక చూశారు. ఆ చూపు చూసి, తప్పు తేలకూడదు దేవుడా అని దండం పెట్టుకుంటూనే ఆ ఎముకల్ని సంచిలో వేసుకున్నాను.

రెండు రోజులు కాలేజీ మైక్రోస్కోపు ముందు కూచున్నాను. పొద్దున రైల్లో దెందులూరు, భీమడోలు, పూళ్ళ స్టేషన్లు ఎప్పుడు దాటాయో కూడా తెలియలేదు, ఒళ్ళో ఎముకల సంచి పెట్టుకుని అవే ఆలోచనలు. పక్కటెముకల చివర్లు నమిలేసి ఉన్నాయి. గుంటలు వరసగా ఉన్నాయి. కత్తి గీత ఒక్కటంటే ఒక్కటి లేదు. ఒక ఎముక మీద మాత్రం నల్లటి మచ్చ ఉంది. కొల్లేటి మట్టిలో పడిన ప్రతి వస్తువూ నల్లబడుతుంది, ఇదీ అదేలే అనుకున్నాను. గోడ మీద అట్టముక్క ఏం చెప్పిందో ఎముకలూ అదే చెప్పాయి. నాకు కళ్ళమ్మట నీళ్ళు వచ్చినంత పనైంది, అతను బతికిపోయాడని.

మర్నాడు ఆసామిగారి ఎదుట గట్టు మీదే చెప్పాను. ఆయన రాసిమ్మన్నారు, ఊళ్ళో పెద్దలకి చూపించాలట. ఎముకలపై కత్తి గాట్లు లేవని, పంటి గుర్తులున్నాయని, కుక్కగానీ నక్కగానీ తిన్నట్టు తేలిందని రాసి సంతకం చేశాను. సంతకం కింద డిగ్రీలు కూడా వేశాను. కాపలా అతను ఒక అడుగు ముందుకి వేసి ఏదో అనబోయాడు. నేను పెన్ను మూత పెట్టుకుంటున్నాను. థాంక్స్ చెబుతాడు కాబోలు అనుకుని, పరవాలేదులెండి అన్నట్టు చెయ్యి ఊపాను. అతను ఆగిపోయాడు.

ఆసామిగారు కాగితం చదివి జేబులో పెట్టుకున్నారు. తర్వాత కుక్క వంక చూశారు.

"నక్కని ఎక్కడని పట్టుకుంటామండీ," అన్నారు నాతో. "ఇది ఎదురుగుండా ఉంది."

నక్క కూడా అయి ఉండొచ్చని నేను రాశాను కదా అని అనాలి. అనలేదు. మనిషి గండం గట్టెక్కిందన్న సంతోషంలో కుక్క గురించి వాదించడం నాకు చిన్నతనంగా తోచింది. ఆయన దాన్ని చంపమనలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఖాళీ ట్రేలతో కలిదిండి వైపు వెళ్ళే చేపల వేన్ ఎక్కించి, దూరంగా ఎక్కడో దింపేయమన్నారు. వేన్ వచ్చింది. దాన్ని ఎక్కించాల్సిన పని కూడా లేకపోయింది. తలుపు తీయగానే తోకూపుకుంటూ అదే ఎక్కింది. పిల్లలిద్దరూ పాక వెనక్కి వెళ్ళిపోయారు. ఆ ఎముకల్ని ఆసామిగారు అప్పుడే కాలువలో కలిపేయించారు, దేవుడి జీవం కాబట్టి ఎవరి కాళ్ళ కిందా పడకూడదని. నా ఫోన్లో నాలుగు ఫొటోలు మాత్రం మిగిలాయి.

ఇదంతా ఇక్కడితో అయిపోవాల్సింది. గైడు గారు నా అధ్యాయం చదివి ఫోన్ చేశారు. రాత బాగుందన్నారు, పోలికలు బాగున్నాయన్నారు. ఒక్కటే సందేహమన్నారు. నా దగ్గరున్న మనుషులు తిన్న ఎముకల్లో ఒక్కదాని మీద కూడా పంటి గుర్తు లేదేమిటి, ఆ ఇంట్లోవాళ్ళకి పళ్ళు లేవా అని అడిగారు. నవ్వుతూనే అడిగారు. నాకు కోపం వచ్చింది. వాళ్ళు మర్యాదగా తింటారండీ, అన్నాను. ఆ మాట అన్న మరుక్షణం నాలిక కరుచుకున్నాను, కానీ ఎందుకు కరుచుకున్నానో నాకే తెలియలేదు. ఎముకని మనిషి అసలు ఎలా తింటాడు? నేను ఎప్పుడైనా చూశానా? పెళ్ళిళ్ళలో మాకు వంటలు వేరు, పంక్తులు వేరు. బస్సులో ఎవరైనా క్యారియర్ విప్పితే నేను కిటికీ వైపు తిరుగుతాను. నాకు తెలిసిందల్లా నీలం డబ్బా.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం, వస్తున్నానని చెప్పకుండా గట్టుకి వెళ్ళాను. చెరువులో నీళ్ళకి గాలి పట్టించే యంత్రాలు తిరుగుతున్నాయి. పాక పంచలో నలుగురూ కూచుని అన్నాలు తింటున్నారు. మసాలా వాసన కొట్టింది. ఎప్పుడూ అయితే ఆగి దగ్గేదాన్ని, కేకేసేదాన్ని. ఆ రోజు కాలు ఆగలేదు. చిన్నపిల్ల పక్కటెముకని రెండు చేతులా పట్టుకుని చివర కరకరా నములుతోంది. వాళ్ళమ్మ ఒక ఎముకని దవడ పళ్ళ మధ్య పెట్టి పుటుక్కున విరిచి, లోపలి మూలుగని జుర్రుమని లాగింది. అతను కాలి ఎముకని కంచం అంచు మీద కొడుతున్నాడు, లోపలిది రాలడానికి. ఎంత ఇష్టంగా తింటున్నారో. నేను నిలబడిన చోటే ఉండిపోయాను.

నన్ను చూసి అందరూ లేచారు. ఆవిడ కంచాల మీద చేట బోర్లించింది. కూచోండి కూచోండి అంటూ మంచం మీద తుండుగుడ్డ పరవబోయింది. ఆ కంచంలో ఎముకలు ఒకసారి ఇస్తారా అని అడిగాను. ఆవిడ మొహం పాలిపోయింది. ఎంగిలివండీ అవి, అంది. నేనే వెళ్ళి చేట ఎత్తి, ఒక పక్కటెముక తీసి, చీర కొంగుతో తుడిచి భూతద్దం పెట్టి చూశాను. చివర నమిలేసి పీచు లేచి ఉంది. గుంటలు వరసగా ఉన్నాయి. ఎర్ర డబ్బాలోవాటికీ దీనికీ నాకు తేడా కనబడలేదు. ఫోన్ తీసి పొట్టేలు ఎముకల ఫొటో పక్కన పెట్టుకున్నాను. దానికీ దీనికీ కూడా తేడా కనబడలేదు. కంచంలో ఒక ఎముక మీద కూడా అలాంటి నల్లటి మచ్చే ఉంది, నిప్పుల మీద కాల్చినప్పుడు మాడిందట.

"మరి నాకు నీలం డబ్బాలో ఇచ్చినవి?" అని అడిగాను.

"అవి ఎవరూ తినలేదండీ. పచ్చిమీదే మాంసం కత్తితో తీసేసి, ఎముకలు విడిగా ఉడకబెట్టి ఎండేసేదాన్నండీ," అంది ఆవిడ. "పంతులుగారి అమ్మాయిగారు మీరు. చేత్తో పట్టుకుంటానన్నారు. మా ఎంగిలి మీ చేతికెలా ఇస్తామండీ? పాపం కాదండీ?"

కుక్క ఎంగిలి ఇచ్చారు కదా అంటే, అవి కుక్కవే కావాలని మీరే అడిగారు కదండీ అంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. చిన్నపిల్ల అప్పుడు అసలు సంగతి బయటపెట్టింది. మేడంగారి కోసమని అమ్మ మాకు ఎముక పెట్టడమే మానేసింది, అన్ని ఆదివారాలూ ఉత్త మెత్తటి ముక్కలే తిన్నాం, అంది. అధ్యాయం పంపేశాక నేను డబ్బాలు తేవడం మానేశాను కాబట్టి ఇప్పుడు మళ్ళీ ఇలా తింటున్నారన్నమాట. నన్ను గౌరవించడానికి ఒక ఇల్లు నాలుగు నెలలు మూలుగ మానుకుంటే, నేను ఆ మానుకోవడాన్ని చూసి మనిషి తీరు ఇదీ అని అట్టముక్క మీద రాసుకున్నాను. గుహలో ఉన్నవాళ్ళ సంగతి ఇంక చెప్పేదేముంది. ఆ ఎముకలు కొరికింది చిరుతా, దుమ్ములగొండా, లేక ఇలాగే పిల్లాపాపలతో కూచున్న ఒక ఇంటివాళ్ళా?

ఇంతలో పొట్టేలు గుర్తొచ్చింది. నిజానికి అదే ముందు గుర్తు రావాలి. అతని వంక చూశాను. అతను చూపు తిప్పుకోలేదు. నేను అడగబోయేది ఏమిటో అతనికి తెలిసిపోయింది.

"మేం తినలేదండీ," అన్నాడు. "కుక్క కూడా తినలేదండీ. పట్టుబడికి ముప్పైమంది దిగేరండీ ఆవేళ. జనం మీద పడుద్దని పొద్దున్నే గొలుసేసేనండీ. మర్నాడు కూడా ఇప్పలేదు."

"ఆ మాట అప్పుడే చెప్పాలి కదండీ."

"చెబుదామనే వచ్చేనండీ. మీరప్పటికే రాసేసేరు. సదువుకున్నోరు అద్దాలెట్టి చూసి రాసేరు, నేనే గొలుసు సరిగ్గా ఎయ్యలేదేమో అనుకున్నానండీ. వేన్ వచ్చేలోగా దాన్ని రెండు దెబ్బలేసేను కూడా."

మంచం మీద కూచున్నాను. అతను తన కళ్ళతో చూసిన గొలుసుని నా సంతకం విప్పేసింది. మరి ఎవరు తిన్నట్టు? పట్టుబడికి వచ్చిన ముప్పైమందిలో ఎవరైనా కాల్చుకు తిన్నారా? నక్క తిందా? వీళ్ళు తినలేదని ఎందుకు నమ్మాలి, అతను చెప్పాడనా? నమ్మాలని ఉంది, నమ్ముతున్నాను కూడా. కానీ నా చేతిలో ఉన్న పక్కటెముకా ఫోన్లో ఉన్న పక్కటెముకా ఒకే రకంగా నమిలి ఉన్నాయి. ఇంతసేపూ తెలిసినట్టున్నదేదీ ఇప్పుడు తెలియదు. తెలియని చోట కూచుని, ఆ క్షణంలో నాకు తోచిన మంచిపని ఒకటే. ఆసామిగారి దగ్గరికి వెళ్ళి నేను రాసింది తప్పని చెబుతానన్నాను. ఏమని చెబుతారని అడిగాడు. ఆ గుర్తులు మనిషివి కూడా అయి ఉండొచ్చని చెబుతానన్నాను.

అతను చేయి కడుక్కున్నాడు. తువ్వాలుతో నిదానంగా తుడుచుకున్నాడు.

"మనిషంటే మళ్ళీ మా పాకే కదండీ," అన్నాడు. "కుక్కకి చోటు పోయింది. మాక్కూడా పోవాలాండీ?"

నేను భూతద్దం సంచిలో పెట్టుకుని లేచాను. వచ్చేటప్పుడు ఆవిడ ఒక కవర్లో ఎముకలు కట్టిచ్చింది. ఈసారి తిన్నవేనండీ, అని తలొంచుకుని ఇచ్చింది.

ఆ సాయంత్రం షెడ్డులో అట్టముక్క చింపేశాను. అమ్మ గుమ్మంలోంచే ఏమైందని అడిగితే అంతా చెప్పాను. మనుషులు ఎముకలు నములుతారన్న ఊహే నాకు రాలేదమ్మా అన్నాను. ఆవిడ, మనం మునక్కాడ నమలమా ఏమిటే అంది. నిజమే. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ప్రతి పులుసునాడూ కంచం పక్కన నమిలి ఊసిన మునక్కాడ తొక్కలు కుప్పగా పెడుతున్నాను. పీచు లేచి, పంటి గుంటలతో. ఇంట్లో ఉన్న పాఠం వదిలేసి పెదపాడు దాకా డబ్బాలు మోశాను.

గుహ ఎముకల సంగతి గైడు గారికి దాచకుండా చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వారు. అధ్యాయం మొత్తం తిరగరాస్తున్నాను. మనిషి, జంతువు అన్న రెండు గళ్ళ పక్కన చెప్పలేను అన్న మూడో గడి గీశాను. అందులోనే ఎముకలు ఎక్కువున్నాయి. నిజాయితీ అంటే ఇదేనని ఆయన మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు నాకు ఒంటబట్టలేదు. వేల ఏళ్ళ నాటి జింకకి మూడో గడి ఇవ్వగలిగాను, దానివల్ల ఎవరి ఇల్లూ పోదు. పొట్టేలుకి కూడా ఇస్తే ఆ మనిషికి చోటు పోతుంది, ఇవ్వకపోతే కుక్క మీద నింద అలాగే ఉంటుంది. రోజూ రైల్లో వెళుతుంటే ఏ స్టేషన్లో గోధుమరంగు కుక్క కనబడినా కిటికీలోంచి చెవి చూస్తాను. కలిదిండి ఈ దారిలో లేదని తెలుసు, అయినా చూస్తాను.

మొన్న ఆసామిగారు ఏలూరులో కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేశారు. చేయించింది మా నాన్నగారే. మధ్యాహ్నం భోజనాలు. ఆసామిగారు పంక్తిలో వడ్డన చూస్తూ మా వరస దగ్గర ఆగి, నన్ను చుట్టుపక్కలవాళ్ళకి చూపించారు.

"మేడంగారు ఎముక చూసి తిన్నదెవరో చెప్పేస్తారండీ," అన్నారు ఆ మెత్తటి గొంతుతోనే. "ఈవిడ లేకపోతే మా కాపలావాణ్ణి అన్యాయంగా పంపేసుందును. ఆ కాగితం ఇప్పటికీ బీరువాలో దాచేనండీ."

నా ఎదురుగా కూచున్న పెద్దాయన, ఎప్పుడూ పొరపాటు రాదా అమ్మా అని అడిగారు. నిజం నోటిదాకా వచ్చింది. పాకా, చేట కింద కంచాలూ, తువ్వాలుతో తుడుచుకున్న చేతులూ అన్నీ కళ్ళ ముందుకొచ్చాయి. నేను నోరు మూసుకున్నది అతని కోసమా, ఇంతమందిలో నా కోసమా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. అప్పటికి కనబడింది రాశానండీ, అన్నాను. ఆయన తల ఊపారు. విస్తట్లో మునక్కాడ పులుసు అయిపోయింది, పక్కన నమిలిన ముక్కలు కుప్పగా ఉన్నాయి. ఎవరూ చూడకముందే వాటిని విస్తరి మధ్యకి తోసి, ఆకు మడిచేసి లేచాను.